ఎంగిలి కంచాలు తీయడానికా ఇంత చదువు?

ప్రశ్న: మాది నరసరావుపేట. ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం సి.ఇ.సి. చదువుతున్నాను. పదో తరగతి వరకు తెలుగు మాధ్యమమే. సెలవుల్లో మా మేనమామ వెంట హైదరాబాదు వెళ్లినప్పుడు, అక్కడి ఒక హోటల్ మేనేజ్‌మెంట్ కళాశాలలో ఇంటర్ విద్యార్థులకు కోర్సును పరిచయం చేస్తున్నారని తెలిసి చూడబోయాం. రెండు గంటలపాటు వంటగదులు, విద్యార్థులే వడ్డించే రెస్టారెంటు, హోటల్ గదిలా అమర్చిన గది తిప్పి చూపించి, వాళ్లు చేసిన కేకు పెట్టారు. బయటికి వస్తుంటే వెనుక వరండాలో తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి నడుమెత్తు గుండిగను వంచి తోముతూ మమ్మల్ని చూసి నవ్వింది. నేను చదివితే ఇదే చదవాలని ఆ రోజే అనుకున్నాను. ఇంట్లో చెబితే నాన్నగారు ‘ఎంగిలి కంచాలు తీయడానికా నిన్ను ఇంతదాకా చదివించింది?’ అన్నారు. అమ్మకు రాత్రి డ్యూటీల భయం. ఇంతలో మా ఊరికి వచ్చిన మరో ప్రైవేటు సంస్థవారు, నెలాఖరులోగా 25,000 రూపాయలు కట్టి పదో తరగతి ఒరిజినల్ సర్టిఫికెట్ ఇస్తే సీటూ, మూడేళ్ల తరువాత విదేశంలో ఉద్యోగమూ ఖాయమంటున్నారు. రెండు గంటలు చూసి జీవితాన్ని నిర్ణయించుకోవడం తొందరపాటు అవుతుందా?

— పేరు ప్రచురించవద్దన్న విద్యార్థిని

జవాబు: అమ్మా, మీరు కేకు సంగతి ఒక్క మాటతో ముగించి, గుండిగ తోముతున్న అమ్మాయి గురించి మాత్రం ఆమె ఎక్కడ ఉందో, ఏం వేసుకుందో, మిమ్మల్ని చూసి ఏం చేసిందో అన్నీ రాశారు. ఆ రెండు గంటల్లో మీకు చూపించాలని ఎవరూ అనుకోని దృశ్యం అదొక్కటే. మీ కన్ను అక్కడ ఆగినందుకే ఈ సమాధానం కాస్త వివరంగా రాస్తున్నాను.

హోటళ్లలో 18 ఏళ్లు పనిచేసి, తరువాత కొన్నేళ్లు ఇలాంటి కళాశాలలోనే పాఠాలు చెప్పినవాణ్ణి కనుక, అలాంటి రోజులు ఎలా జరుగుతాయో నాకు తెలుసు. ముందురోజు సాయంత్రమే కేకులు సిద్ధమవుతాయి, ఇస్త్రీ కోట్లు బయటికి వస్తాయి, చక్కగా మాట్లాడగలిగే విద్యార్థులను ఎంచి ముందు నిలబెడతారు. అందులో మోసమేమీ లేదు. పెళ్లిచూపులనాడు ఏ ఇంట్లోనైనా దుప్పట్లు మారుస్తారు కదా. అయితే పెళ్లిచూపుల నాటి ఇంటిని చూసి ఆ ఇంట్లో రోజులు ఎలా గడుస్తాయో ఊహించలేం. మీకు కలిగిన ఇష్టాన్ని నేను కాదనను. ఆ ఇష్టాన్ని ఇంకొక మామూలు రోజున, ఇంకాస్త వెనుక గదుల్లో పరీక్షించుకోమని మాత్రం కోరుతున్నాను. దానికంటే ముందు మీ నాన్నగారి ప్రశ్నకు సమాధానం చెప్పాలి. ఆయన అడిగింది కోపంగానే అయినా, అడగవలసిన ప్రశ్నే.

అవును, ఈ చదువులో ఎంగిలి కంచాలు తీస్తారు. ఎలా తీయాలో నేర్పుతారు, దానికి మార్కులు కూడా వేస్తారు. బల్ల చుట్టూ కూర్చున్న అందరూ తినడం ముగించేవరకు ఒక్క ప్లేటు కూడా తీయకూడదు. అతిథికి కుడివైపు నుంచి కుడిచేత్తో తీసి, మొదటి ప్లేటును ఎడమచేతి వేళ్ల మధ్య పట్టుకుని, అందులోని ఫోర్కును బొటనవేలి కింద నొక్కి ఉంచి, చాకును దాని కిందికి అడ్డంగా తోయాలి. రెండో ప్లేటు ముంజేతి మీదికి వస్తుంది. దానిలో మిగిలినదాన్ని అతిథికి వీపు వచ్చేలా కాస్త పక్కకు తిరిగి మొదటి ప్లేటులోకి దించాలి. గ్లాసు కదలకూడదు, మాట్లాడుకుంటున్నవాళ్ల మాట తెగకూడదు. ఇది చేతికి రావడానికి వారాలు పడుతుంది. మన పెళ్లిళ్ల బంతిలో అందరి భోజనాలూ అయ్యేవరకు ఒకరు విస్తరి ముందు నుంచి లేవడాన్ని పెద్దలు ఎందుకు ఒప్పుకునేవారు కాదో ఒకసారి గుర్తు చేసుకోండి. ఇంకా తింటున్న మనిషికి ‘నా వల్ల ఆలస్యమవుతోంది’ అనిపించకూడదన్న మర్యాద అది. రెస్టారెంటులో అందరూ ముగించేవరకు ప్లేటు తీయకపోవడం వెనుక ఉన్నదీ ఆ మర్యాదే. మీరు ఆ మర్యాదలోనే పుట్టి పెరిగారు.

ఇంకొక మాట మీ నాన్నగారికి కూడా వినయంగా మనవి చేస్తున్నాను. మీ ఇంట్లో రోజూ భోజనాల తరువాత కంచాలు తీసేది బహుశా మీ అమ్మగారో మీరో అయి ఉంటారు. జీతం లేకుండా చేసినంతకాలం ఆ పని ఇంటి గౌరవానికి లోటు తేలేదు. శిక్షణ పొంది, జీతం తీసుకుని, కొత్తవారికి చేస్తే అది ఎలా తక్కువైపోతుంది? ఆయన భయంలో నిజం లేదని నేననను. తొలి ఏళ్లలో ఈ రంగంలో జీతం తక్కువ, నిలబడే గంటలు ఎక్కువ. పండుగనాడు అందరూ సెలవులో ఉంటే మనం డ్యూటీలో ఉంటాం. చదువు పూర్తిచేసి కూడా వేరే రంగాలకు వెళ్లిపోయిన నా విద్యార్థులు కొందరున్నారు. ఆయన ఆ కారణాలు చెప్పి వద్దంటే కూర్చుని ఆలోచించవలసిందే. ఎంగిలి అన్న ఒక్క మాటతో వద్దంటే మాత్రం నేను మీ పక్షాన మాట్లాడతాను.

కోర్సులో అసలేం ఉంటుందో చెబుతాను. ఫుడ్ ప్రొడక్షన్ అంటే వంట, ఫుడ్ అండ్ బెవరేజ్ సర్వీస్ అంటే వడ్డన, హౌస్‌కీపింగ్ అంటే గదుల నిర్వహణ, ఫ్రంట్ ఆఫీస్ అంటే అతిథుల రాకపోకలు, బిల్లులు; ఈ నాలుగింటి చుట్టూనే మిగతా సబ్జెక్టులన్నీ తిరుగుతాయి. చూడవచ్చినవారికి వంటగది నచ్చినంతగా హౌస్‌కీపింగ్ నచ్చదు. మీకు చూపించిన ఆ అమర్చిన గదిలో దుప్పటి మూలను కవరు మడత పెట్టినట్టు ఎలా బిగించాలో ప్రాక్టీసు చేయిస్తారు. పెద్ద హోటల్లో ఒక షిఫ్టులో ఒక్కొక్కరికి సాధారణంగా 14 నుంచి 16 గదులు అప్పగిస్తారు. ఎనిమిది గంటల్లోంచి భోజనం, సరంజామా సర్దుడు తీసేస్తే గదికి అరగంట కూడా మిగలదు. ఆ అరగంటలోపే పడక, స్నానాలగది, దుమ్ము, అతిథి వస్తువులను కదిలించినా కదిలించనట్టు ఉంచడం, అన్నీ ముగియాలి. నేను చూసిన మంచి జనరల్ మేనేజర్లలో ఇద్దరు హౌస్‌కీపింగ్ నుంచే పైకి వచ్చారు. మనిషి కనబడకుండా పని మాత్రమే కనబడే చోట ఎలా పనిచేయాలో అక్కడే నేర్చుకున్నామని ఇద్దరూ చెప్పేవారు.

మీది సి.ఇ.సి. అని సందేహించవద్దు. వంటగదిలో లెక్కలు వచ్చినవారి విలువ వేరు. ఉల్లిపాయలు కిలో 40 రూపాయలకు కొన్నారనుకోండి. ఒలిచాక 800 గ్రాములే మిగిలితే మీ వంటకంలోకి వెళ్లే ఉల్లి అసలు ధర కిలో 50 రూపాయలు. సరుకుల ఖర్చు 90 రూపాయలైన వంటకాన్ని 300 రూపాయలకు అమ్మితే ఫుడ్ కాస్ట్ 30 శాతం. ఆ శాతం నెలనెలా ఎందుకు పెరుగుతోందో కనిపెట్టలేని షెఫ్ ఎంత రుచిగా వండినా ఆ హోటల్ నిలబడదు. ఫ్రంట్ ఆఫీసులో రాత్రిపూట ఆ రోజు లెక్కలన్నీ సరిచూసి మూసే పనిని నైట్ ఆడిట్ అంటారు. మీరు కామర్స్‌లో చదివిన డెబిట్, క్రెడిట్‌లు అక్కడ పనికొస్తాయి.

ఇంగ్లీషు గురించి మీరు నేరుగా అడగలేదు కానీ, తెలుగు మాధ్యమం అని ప్రత్యేకంగా రాయడంలోనే ఆ భయం కనబడింది. వంటగదిలో కూరగాయలు తరిగే పద్ధతుల పేర్లు జులియెన్, బ్రునువాజ్. ముందస్తు ఏర్పాట్లు మీజ్ ఆన్ ప్లాస్. కింది మెట్టు వంటవాడు కమీ, ఒక విభాగానికి బాధ్యుడు షెఫ్ ద పార్టీ. ఇవన్నీ ఫ్రెంచి మాటలు. ఫ్రాన్సుకు చెందిన షెఫ్ ఓగుస్త్ ఎస్కోఫియే పెద్ద హోటళ్ల వంటగదిని విభాగాలుగా స్థిరపరచిన నాటి నుంచి ప్రపంచమంతా ఇవే వాడుకలో ఉన్నాయి. కాన్వెంటులో చదివిన పిల్లకూ, మీకూ మొదటిరోజు ఇవి సమానంగా కొత్తే. అతిథులతో మాట్లాడే ఇంగ్లీషు వేరు. దానికి రోజూ ఒక అరగంట గట్టిగా చదవడం, ఎదుటివారితో మాట్లాడడం తప్ప దగ్గరిదారి లేదు. హోటల్ మేనేజ్‌మెంట్ చదువుకు దేశమంతటా జరిగే ఎన్.సి.హెచ్.ఎం. జె.ఇ.ఇ. ప్రవేశ పరీక్షలో గణిత సామర్థ్యం, తర్కం, సాధారణ జ్ఞానం, సేవారంగం పట్ల అభిరుచులతోపాటు ఇంగ్లీషు కూడా ఒక విభాగం కనుక ఆ సాధన ఇప్పటినుంచే మొదలుపెట్టండి.

ఆ పరీక్ష ద్వారా ప్రవేశం ఇచ్చే సంస్థలను మొదట చూడమని నా సలహా. కేంద్ర పర్యాటక శాఖ ఆధ్వర్యంలో 1982లో ఏర్పడిన నేషనల్ కౌన్సిల్ ఫర్ హోటల్ మేనేజ్‌మెంట్ వాటి పాఠ్యప్రణాళికను నడుపుతుంది. హైదరాబాదులో విద్యానగర్ దగ్గరున్న సంస్థ 1972 నాటిది. తిరుపతిలో రాష్ట్ర సంస్థ ఉంది. వాటి పూర్తి పేర్లలో ‘కేటరింగ్ టెక్నాలజీ, అప్లైడ్ న్యూట్రిషన్’ అని చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. మన దేశంలో ఈ చదువుకు తొలి సంస్థ 1954లో బొంబాయిలో లీలావతి మున్షీ చొరవతో, మహిళల ఆహార మండలి ఆధ్వర్యంలో మొదలైంది. ఉన్న ఆహారాన్ని వృథా చేయకుండా, పోషకం పోకుండా వండి నలుగురికీ పెట్టడమన్న ఆలోచన ఆ పేరులో ఇప్పటికీ మిగిలి ఉంది. మీ నాన్నగారికి ఈ సంగతి తప్పకుండా చెప్పండి. మీకు వంట ఒక్కటే ఇష్టమని తేలితే బేగంపేటలో 1996 నుంచి ఉన్న కలినరీ అకాడమీ ఆఫ్ ఇండియా, తిరుపతిలోని ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్ వంటివి ఉన్నాయి. ఇంటి పరిస్థితి అనుకూలించకపోతే, ఇంటర్ తరువాత నేరుగా ఉద్యోగంలో చేర్చుకుని స్టైపెండ్ ఇస్తూ మూడేళ్లు చదివించే ఒబెరాయ్ సంస్థవారి ‘స్టెప్’ వంటి పథకాలనూ చూడవచ్చు.

ఇక ఆ ప్రైవేటు సంస్థ సంగతి. డబ్బు కట్టకండి, ఒరిజినల్ సర్టిఫికెట్ ఇవ్వకండి. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను ప్రవేశం పేరిట అట్టిపెట్టుకోకూడదని విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) 2018లోనే స్పష్టంగా చెప్పింది. పరిశీలించి అక్కడికక్కడే తిరిగి ఇవ్వాలి. ఇంకా సీటే ఇవ్వనివారు దాన్ని అడగడంలోనే వారి ఉద్దేశం తెలుస్తోంది. పట్టా ఏ విశ్వవిద్యాలయం పేరిట వస్తుందో కాగితం మీద రాసి ఇమ్మనండి, ఆ పేరు యు.జి.సి. జాబితాలో ఉందో లేదో మీ మేనమామతో కలిసి చూడండి. విదేశీ ఉద్యోగం ఖాయమన్న మాటను అసలు లెక్కలోకి తీసుకోవద్దు. 1983 నాటి వలసల చట్టం ప్రకారం పరాయి దేశాల్లో పనికి మనుషులను పంపే ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ వివరాలు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఎవరైనా చూడవచ్చు. మూడేళ్ల తరువాత రాబోయే ఉద్యోగానికి ఇప్పుడు ఎవరూ హామీ ఇవ్వలేరు. 2020లో లాక్‌డౌన్ రాగానే మూతపడిన హోటళ్ల ముందు, చేతిలో ఆఫర్ లెటర్లతో నిలబడిన పిల్లలను నేను చూశాను. ‘నెలాఖరులోగా’ అని గడువు పెట్టి తొందరపెట్టేవారి దగ్గర మీ మూడేళ్లను పెట్టుబడి పెట్టకండి.

అమ్మగారి భయాన్ని తేలికగా తీసిపారేయవద్దు. రాత్రి డ్యూటీలు ఉంటాయి. ఆడపిల్లలకు వాహన సౌకర్యం ఉంటుందా, ఏ గంట దాటాక ఇంటివరకు దించుతారు, హాస్టల్ ఎంత దూరం అన్నవి హోటల్లో శిక్షణకు పంపే ముందే అడగవలసిన ప్రశ్నలు. పదిమంది, అంతకుమించి పనిచేసే ప్రతి చోటా లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినే అంతర్గత కమిటీ ఉండాలని 2013 చట్టం చెబుతుంది. జీతం లేని ట్రైనీకి కూడా ఆ చట్టం వర్తిస్తుంది. శిక్షణకు వెళ్లిన మొదటిరోజే ఆ కమిటీ సభ్యుల పేర్లున్న బోర్డు ఎక్కడ ఉందో వెతకమని నా విద్యార్థినులకు చెప్పేవాణ్ణి.

ఈ చదువులో అన్నిటికంటే ముఖ్యమైన భాగం ఆ శిక్షణే. కోర్సు మధ్యలో ఒక సెమిస్టరు పూర్తిగా ఏదైనా హోటల్‌కు పంపుతారు. నాలుగు విభాగాల్లోనూ తిప్పి పని నేర్పడం దాని ఉద్దేశం. నన్ను పంపిన హోటల్లో మనుషుల కొరత ఉందని చెప్పి, శిక్షణ కాలంలో ఎక్కువ భాగం విందుల హాలులోనే కుర్చీలు, గ్లాసులు మోయించారు. వంటగదిలో నేను గడిపింది మూడు వారాలు, ఆ మూడు వారాలూ బంగాళాదుంపలు ఒలవడమే. అలసట కంటే, నేర్చుకోవలసిన కాలం పోయిందన్న బాధ నన్ను చాలాకాలం వదల్లేదు. అందుకే రెండోసారి వెళ్లినప్పుడు అధ్యాపకులతో కంటే, శిక్షణ ముగించుకుని తిరిగి వచ్చిన విద్యార్థులతో ఎక్కువ మాట్లాడండి. ఎన్ని విభాగాలు తిరిగారు, రోజుకు ఎన్ని గంటలు నిలబడ్డారు, రోజూ చేసిన పని రాసే లాగ్‌బుక్‌ను ఎవరైనా చదివి సంతకం చేశారా, కళాశాల నుంచి ఎవరైనా వచ్చి చూశారా అని అడగండి. వెంటనే జవాబు చెప్పేవారిని, కాసేపు ఆగి చెప్పేవారిని కూడా శ్రద్ధగా వినండి.

ఆ రెండోసారి ఏ ప్రత్యేకతా లేని మంగళవారమో బుధవారమో, ముందుగా ఫోన్ చేసి అనుమతి తీసుకుని, ఉదయం తొమ్మిదికే వెళ్లండి. ఆ వేళకు స్టోర్స్ నుంచి ఇండెంటు (కావలసిన సరుకుల పట్టీ) ప్రకారం సరుకులు వస్తుంటాయి. ఒక్కో పొయ్యి దగ్గర ఎంతమంది విద్యార్థులున్నారో లెక్కపెట్టండి. ఇద్దరో ముగ్గురో ఉంటే వండుతారు, పదిమంది ఉంటే ఎనిమిదిమంది చూస్తూ ఉండిపోతారు. ఫ్రిజ్ తలుపు మీద ఉష్ణోగ్రతలు రాసే కాగితం ఉందా, అందులో ఈ రోజు అంకె ఉందా చూడండి. 5 నుంచి 60 డిగ్రీల మధ్య ఆహారంలో సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయని తరగతిలో చెప్పి, ఆ కాగితాన్ని నెలరోజులుగా ఖాళీగా ఉంచే చోట చదువు కూడా అలాగే ఉంటుంది. ఎవరైనా సాస్ మాడిస్తే అధ్యాపకుడు ఏమంటున్నాడో వినండి. కేక వేయడం వంటగదుల్లో మామూలే. కేక తరువాత వచ్చి ఎందుకు మాడిందో చూపించాడా లేదా అన్నది గమనించండి. మధ్యాహ్నం మూడు దాటేవరకు అక్కడే ఉండగలిగితే ఇంకా మంచిది. వండినవన్నీ వెళ్లిపోయాక, నేల కడిగి, బల్లలు తుడిచి, మురుగుకాలువ జాలీ ఎత్తి శుభ్రం చేసే గంట అది. పెద్ద హోటళ్లలో గిన్నెలకు స్టీవార్డింగ్ అని వేరే విభాగం ఉంటుంది. కళాశాలలో మాత్రం విద్యార్థులే మొదటి తొట్టిలో సబ్బునీళ్లతో కడిగి, రెండోదాంట్లో జాడించి, మూడోదాంట్లో క్రిమిసంహారకంలో ముంచి ఆరబెడతారు. ఆ పని ఎందుకంత వరుసగా చేయాలో తెలిసినవారే రేపు షెఫ్ అయ్యాక దాన్ని ఇతరులచేత గౌరవంగా చేయించగలుగుతారు.

ఈలోగా మీ ఊళ్లోనే ఒక పని చేయవచ్చు. పెళ్లిళ్ల సీజన్‌లో మీకు తెలిసిన వంటమేస్త్రి ఎవరైనా ఉంటే, మేనమామ ద్వారా అడిగి, అమ్మగారిని కూడా వెంటబెట్టుకుని, ఒక పెళ్లి వంట దగ్గర తెల్లవారుజామున పొయ్యి వెలిగించిన దగ్గర నుంచి చివరి బంతి లేచి గుండిగలు తోమేవరకు నిలబడి చూడండి. కూర్చోకుండా, ఫోన్ చూడకుండా. సాయంత్రానికి కాళ్లు నొప్పిపుడతాయి. ఆ నొప్పితో పడుకున్నప్పుడు రేపు మళ్లీ వెళ్లాలనిపిస్తుందా, లేక ఇక చాలనిపిస్తుందా అన్నది నా సలహా కంటే మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది. మరునాడు వెళ్లాలనిపించకపోతే అందులో తప్పేమీ లేదు. ముందే తెలిసినందుకు మూడేళ్లు మిగులుతాయి.

మీరు శాకాహారులైతే ఒక విషయం ముందే తెలుసుకోండి. మాంసం, చేపలు కోసి వండడం మామూలుగా పాఠంలో భాగం. శాకాహార వంటను ఎంచుకునే వీలు కొన్ని సంస్థల్లోనే ఉంది. చేరిన తరువాత ఇబ్బంది పడడం కంటే ఈ మాట మొదటే అడగడం మంచిది.

రెండోసారి వెళ్లేటప్పుడు నాన్నగారిని తప్పకుండా తీసుకువెళ్లండి. విద్యార్థుల రెస్టారెంటులో బయటివారికి భోజనం పెట్టే రోజులు కొన్ని కళాశాలల్లో ఉంటాయి. అలాంటి రోజు దొరికితే ఆయన్ను అక్కడ కూర్చోబెట్టి, మీకంటే ఒకటి రెండేళ్లు పెద్దదైన ఎవరో పిల్ల వచ్చి ఆయన ప్లేటు ఎలా తీస్తుందో ఆయన్నే చూడనివ్వండి. మీరేమీ వాదించకండి. భోజనం అయ్యాక వెనుక వరండాలోకి వెళ్లి ఆ గుండిగ తోమిన అమ్మాయి ఉందేమో వెతకండి. ఆమె పేరు, ఊరు అడగండి. ఆమె వాళ్ల నాన్నగారు మొదట ఏమన్నారో, ఇప్పుడేమంటున్నారో మీ నాన్నగారి ఎదుటే అడగండి.